లోగోకీ ప్యాకేజీకీ కలిపి డిజైన్ ఏజెన్సీ మూడు నెలలు ఎందుకు అడుగుతుంది?

సబ్బులు, షాంపూల చిన్న కంపెనీ పెడుతున్నామన్నారు. లోగో, ప్యాకేజింగ్ కలిపి చేయడానికి ఏజెన్సీ మూడు నెలల గడువు అడిగిందట. ముందు లోగో ఒక్కటి చేయించుకుని, పెట్టెలు, లేబుళ్ల సంగతి తర్వాత ప్రింటర్ దగ్గరే తేల్చుకుంటే సరిపోదా, అసలు అన్నాళ్లు వాళ్లు చేసే పనేంటి అన్నది మీ ప్రశ్న.

సరిపోదండీ. ఏజెన్సీలో డిజైన్ చేసినవాడిగా, ప్రెస్‌కి వెళ్లే ఫైళ్లు సరిచూసినవాడిగా చెబుతున్నాను. మీలాంటి వస్తువుకి ఈ రెంటినీ విడదీస్తే చివరికి రెండుసార్లు ఖర్చుపెట్టాల్సి వస్తుంది. మీ సబ్బు కొనేవాళ్లకి మీ ఆఫీసు బోర్డు కనపడదు, విజిటింగ్ కార్డు కనపడదు. వాళ్లు అరలో చూసేది, చేతిలోకి తీసుకునేది, బాత్రూంలో నెలల తరబడి ఎదురుగా పెట్టుకునేది ఆ పెట్టెని, ఆ సీసానే. తెల్లటి స్క్రీన్ మీద చక్కగా కుదిరిన లోగోని తర్వాత తెచ్చి 6 సెంటీమీటర్ల వెడల్పున్న సబ్బు పెట్టె మీద పెడితే చాలాసార్లు అది అక్కడ ఇమడదు. పేరు పొడవైతే అక్షరాలు చిన్నవైపోతాయి. సన్నని గీతలు ప్రింటులో పూడిపోతాయి. ముచ్చటపడి ఎంచుకున్న రంగు సీసా ప్లాస్టిక్ మీద ఇంకోలా కనిపిస్తుంది. అప్పుడు లోగోని మళ్లీ సవరించాలి. ఈలోగా పాత లోగోతో బోర్డులు, వెబ్‌సైటు తయారై ఉంటాయి.

గుర్తు గీయడంతో ఐడెంటిటీ, అంటే కంపెనీ రూపురేఖలు తీర్చే పని అయిపోదని ఈ రంగం మొదట్నుంచీ ఎరిగినదే. 1907లో జర్మన్ ఎలక్ట్రికల్ కంపెనీ ఏఈజీ, వాస్తుశిల్పి పీటర్ బెహ్రెన్స్‌ని కళా సలహాదారుగా పెట్టుకుంది. ఆయన లోగోతో పాటు ప్రకటనలు, కెటిళ్లు, దీపాలు, ఆఖరికి ఫ్యాక్టరీ భవనం దాకా ఒకే చూపుతో రూపుదిద్దారు. 1915లో కోకాకోలా కొత్త సీసా కావాలని గాజు కంపెనీలను అడిగినప్పుడు పెట్టిన షరతు, చీకట్లో తడిమినా, నేలమీద పగిలి ముక్కలై ఉన్నా తమదేనని తెలిసిపోవాలని. రూట్ గ్లాస్ కంపెనీ తయారుచేసిన ఆ వంపుల సీసా మీద పేరు లేకపోయినా ఈనాటికీ పోల్చుకుంటాం. మీ సీసా, మీ పెట్టె కూడా అంత పని చేయగలవు. కాకపోతే ఆ అవకాశం మొదటి వారంలోనే ఉంటుంది. అన్నీ తేలిపోయాక చివర్లో వెతికితే దొరకదు.

మొదటి రెండు మూడు వారాలు ఏజెన్సీ వాళ్లు దాదాపు ఏమీ గీయరు. క్లయింట్లకి అసహనం పుట్టేది సరిగ్గా ఇక్కడే, కానీ నా దృష్టిలో మీరు ఇచ్చే డబ్బుకి ఎక్కువ విలువ దొరికేది కూడా ఇక్కడే. ఎవరు కొంటారు, ఇప్పుడు వాళ్లు ఏం వాడుతున్నారు, మీది ఎందుకు మారి కొనాలి అని అడుగుతారు. వీటికి "అందరూ కొంటారు, మాది నాణ్యమైనది" అని జవాబిస్తే మంచి ఏజెన్సీ అక్కడితో వదలదు. నాణ్యమైనదని ప్రతి సబ్బు పెట్టె మీదా రాసి ఉంటుంది కాబట్టి ఆ మాటతో డిజైన్ చేయలేం. పొడి చర్మం వాళ్ల కోసమా, పసిపిల్లల కోసమా, వాసన పడనివాళ్ల కోసమా? ఏదో ఒకటి తేలితే రంగు, అక్షరం, పెట్టె ఆకారం అన్నీ దాని వెంట నడుస్తాయి. వాసన పడనివాళ్ల కోసం చేసిన సబ్బు పెట్టె మీద గుత్తులు గుత్తులుగా పూలు వేయలేరు కదా.

దుకాణంలో అర మీద అమ్ముతారా, ఆన్‌లైన్‌లోనా అని కూడా అడుగుతారు. ఇది మామూలు ప్రశ్నలా వినిపిస్తుంది గానీ డిజైన్‌ని నిలువునా మార్చేస్తుంది. అరలో మీ పెట్టెకి అటూ ఇటూ పోటీ సరుకు ఉంటుంది, కొనేవాళ్లు అడుగు దూరం నుంచీ చూస్తారు, రెండు మీటర్ల దూరం నుంచీ చూస్తారు. ఫోన్‌లో అయితే మీ పెట్టె మొత్తం బొటనవేలి గోరంత బొమ్మగా కనపడుతుంది, అందులో పేరు, రకం చదవగలగాలి. అందుకే ఏజెన్సీ వాళ్లు దుకాణాలకి వెళ్లి అరలు ఫొటోలు తీసుకొస్తారు. సబ్బుల అర మొత్తం లేత రంగులతో, నీటి బొట్లతో నిండి ఉందని ఆ ఫొటోలో కనపడితే, అందులో కలిసిపోవాలా విడిగా నిలబడాలా అన్నది మీరు కూర్చుని తేల్చాల్సిన నిర్ణయం. పూర్తిగా విడిగా నిలబడటం కూడా ప్రమాదమే. షాంపూ సీసా నేల తుడిచే మందు సీసాలా కనిపిస్తే కొత్తగా ఉందని ఎవరూ మెచ్చుకోరు, పక్కకి తప్పుకుంటారు.

పేరు ఇంకా ఖాయం కాకపోతే లోగో మొదలుపెట్టనివ్వకండి. ట్రేడ్‌మార్కుల కోసం ప్రపంచంలో చాలా దేశాలు వాడే నీస్ వర్గీకరణలో 45 తరగతులున్నాయి. సబ్బులు, సౌందర్య సాధనాలు 3వ తరగతిలోకి వస్తాయి, మందు కలిపిన సబ్బులు 5వ తరగతిలోకి. మీరు అనుకున్న పేరుగానీ, చెవికి అలాగే వినిపించే పేరుగానీ ఆ తరగతిలో ఎవరైనా నమోదు చేసుకున్నారా అని ట్రేడ్‌మార్కుల న్యాయవాది చేత వెతికించండి. ఏజెన్సీ పైపైన చూసి చెప్పగలదు గానీ ఆ మాటని న్యాయ సలహాగా తీసుకోకూడదు.

ఇదంతా అయ్యాక ఒకటి రెండు పేజీల్లో బ్రీఫ్, అంటే ఏం చేయాలో ఎవరి కోసమో రాసిన పత్రం తయారవుతుంది. దాని మీద మీ వైపు నుంచి నిర్ణయం తీసుకునే మనిషి సంతకం పెట్టాలి. ఆ మనిషి ఒక్కరే అయితే మరీ మంచిది. నేను చూసిన ప్రాజెక్టుల్లో ఆలస్యమైనవాటిలో ఎక్కువ భాగం డిజైన్ కుదరక ఆలస్యం కాలేదు. బ్రీఫ్ చూడని భాగస్వామి ఎవరో చివర్లో వచ్చి "నాకెందుకో ఆకుపచ్చ బాగుంటుందనిపిస్తోంది" అనడం వల్ల ఆలస్యమయ్యాయి.

తర్వాత గీత మొదలవుతుంది. మొదట కాగితం మీద పెన్సిల్‌తో చాలా గీస్తారు, వాటిలో రెండో మూడో దారులు మీ ముందుకొస్తాయి. ఒకటి అక్షరాలతోనే పేరుని గుర్తుండేలా చేసేది, ఇంకొకటి ఒక చిహ్నం మీద ఆధారపడేది, ఇలా దేని ఆలోచన దానిదిగా ఉండాలి. ఒకే లోగోకి మూడు రంగులేసి మూడు దారులని చూపిస్తే ఒప్పుకోకండి. మొదట నలుపు తెలుపులోనే చూపించమనండి. రంగు తీసేస్తే నిలబడని గుర్తు, ఎక్కడో ఒకచోట రంగు లేకుండా ముద్రించాల్సి వచ్చినప్పుడు కూలిపోతుంది. మీ విషయంలో ఆ చోటు కళ్లెదురుగానే ఉంది: సబ్బు బిళ్ల మీద అచ్చు. అక్కడ రంగే ఉండదు, మెత్తటి సబ్బులో పల్లంగా దిగిన గీత మాత్రమే ఉంటుంది, అదీ నాలుగు స్నానాలకి అరిగిపోతుంది. అచ్చులో నిలిచేంత సరళమైన ఆకారం కావాలని మొదటి రోజే చెబితే లోగో పుట్టడమే వేరేలా పుడుతుంది.

అక్షరాల పని బయటికి కనపడదు గానీ ఇక్కడ చాలా సమయం పోతుంది. 1994లో డిజైనర్ లిండన్ లీడర్ చేసిన కొరియర్ కంపెనీ ఫెడెక్స్ లోగోలో E అక్షరానికీ x అక్షరానికీ మధ్య ఖాళీలో బాణం ఉంటుంది. దొరికిన ఫాంట్‌లో పేరు టైపు చేస్తే ఆ బాణం రాలేదు. రెండు రకాల అక్షరాల గుణాలు కలిపి, ఎత్తులు, మందాలు సర్దగా సర్దగా వచ్చింది. మీ లోగోలో బాణాలు దాక్కోనక్కర్లేదు. కానీ రెండు అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువై పేరు రెండు ముక్కలుగా కనపడటం, గుండ్రటి అక్షరం పక్కవాటికంటే చిన్నగా అనిపించడం లాంటివి ఎవరో కూర్చుని కంటితో సరిచేయాల్సిందే. పెట్టె మీద రెండు మూడు లిపులు ఉండబోతుంటే ఆ సంగతి కూడా ఇప్పుడే చెప్పండి. తెలుగు, థాయ్ లాంటి లిపుల్లో గుర్తులు అక్షరానికి పైకీ, కిందకీ వెళతాయి కాబట్టి వరుసకీ వరుసకీ మధ్య ఎక్కువ చోటు కావాలి. రోమన్ అక్షరాలకి కొలిచి కట్టిన గదిలోకి వాటిని తర్వాత కుక్కితే తలలు, కాళ్లు తెగుతాయి.

రంగు విషయంలో నా సలహా ఖచ్చితంగా ఉంటుంది: స్క్రీన్ మీద చూసి రంగు ఖాయం చేయకండి. స్క్రీన్ వెలుగుతో రంగు చూపిస్తుంది, ప్రింటు ఇంకుతో చూపిస్తుంది. మెరిసే నారింజ, చిగురాకు పచ్చ, గాఢమైన ఊదా లాంటివి సీఎంవైకే నాలుగు ఇంకుల కలయికలో చాలాసార్లు మురికిగా వస్తాయి. అందుకే బ్రాండ్ ముఖ్య రంగుని విడిగా కలిపిన ఒకే ఇంకుతో, స్పాట్ కలర్‌గా వేస్తారు. 1963లో పాంటోన్ కంపెనీ తెచ్చిన, రంగుకో నంబరిచ్చే పద్ధతి ఈ అవసరం కోసమే. నంబరు చెబితే ఏ ఊళ్లో ప్రింటరైనా ఆ ఇంకు కలుపుతాడు. అయినా అదే ఇంకు నునుపు అట్ట మీద ఒకలా, గరుకు కాగితం మీద ఇంకోలా కనిపిస్తుంది. పారదర్శకమైన లేబుల్ మీద అయితే అడుగున తెల్ల ఇంకు వేయకపోతే సీసాలోని షాంపూ రంగు పైకి తేలి మొత్తం మారిపోతుంది. వెలుగు కూడా మోసం చేస్తుంది. ప్రెస్‌లో పగటి వెలుగుని పోలిన 5000 కెల్విన్ ప్రమాణపు దీపం కింద సరిపోయిన రెండు రంగులు దుకాణం లైట్ల కింద వేర్వేరుగా కనిపించొచ్చు. కాబట్టి నమూనా చేతిలోకి వచ్చాక కిటికీ దగ్గర ఒకసారి, అమ్మే చోటు లాంటి వెలుగులో ఒకసారి చూడండి.

ఇక ప్యాకేజీ. ముందు ఆకారం తేలాలి, దాని మీద బొమ్మ తర్వాత. పెట్టెని విప్పి పరిచినట్టుండే గీతల పటాన్ని డై లైన్ అంటారు. ఎక్కడ కోయాలి, ఎక్కడ మడవాలి, ఎక్కడ జిగురు పడుతుంది అన్నీ అందులో ఉంటాయి. ఇది మీ ప్రింటర్ నుంచి, లేదా ఆ పెట్టెల్లో సబ్బు నింపేవాళ్ల నుంచి రావాలి. ఇంటర్నెట్లో దొరికిన డై లైన్ మీద డిజైన్ చేస్తే అది ఆ మెషీన్‌కి సరిపోతుందన్న హామీ లేదు. డై లైన్ రాగానే ఏజెన్సీ ఏ బొమ్మా లేని తెల్ల అట్టతో ఒక పెట్టె కట్టి, మీ సబ్బు అందులో పెట్టి చూస్తుంది. పెట్టి చూసిన క్షణంలోనే కొన్ని తెలిసిపోతాయి: సబ్బు లోపల కదులుతోందా, తెరిచే చోట గోరు దూరుతోందా, ముందువైపు అనుకున్న ముఖం నిలబెడితే నిజంగా ముందుకే వస్తోందా, ఒకదానిమీద ఒకటి పేర్చినప్పుడు కనపడేది పక్క ముఖమేనా. చిన్న సబ్బు పెట్టెలని చాలామంది పడుకోబెట్టి పేరుస్తారు. అప్పుడు కొనేవాళ్లకి కనపడేది సన్నటి అంచు. అక్కడ మీ పేరు లేకపోతే అర మీద మీరు లేనట్టే.

ముందు ముఖం మీద ఏది మొదట కంటపడాలి, ఏది తర్వాత అన్న వరుస తేల్చడం ప్యాకేజీ డిజైన్‌లో కష్టమైన భాగం. బ్రాండ్ పేరు, ఇది ఏ వస్తువు, ఏ రకం, ఒక్క ముఖ్యమైన గుణం, బరువు. అంతకు మించి పెడితే ఏదీ కనపడదు. క్లయింటుకి తన సబ్బులోని ఏడు మంచి గుణాలూ ముందే ఉండాలనిపిస్తుంది, ఆ ఆరాటం నాకు అర్థమవుతుంది, ఎంతో కష్టపడి చేసింది మరి. కానీ వెనక ముఖం ఉన్నది వాటికే. 2009 జనవరిలో అమెరికాలో ట్రోపికానా తన పండ్లరసం పెట్టె మార్చింది. నారింజపండులో గుచ్చిన స్ట్రా బొమ్మ తీసేసి, గాజు గ్లాసు బొమ్మ పెట్టి, పేరుని నిలువుగా తిప్పింది. విడిగా చూస్తే శుభ్రమైన డిజైనే. కానీ జనానికి అర మీద తమ పెట్టె ఎక్కడుందో దొరకలేదు. రెండు నెలలు తిరక్కుండానే అమ్మకాలు సుమారు 20 శాతం పడిపోయాయి, కంపెనీ పాత పెట్టెకే తిరిగి వెళ్లింది. మీరు కొత్తవాళ్లు, పోగొట్టుకోడానికి పాత గుర్తింపు లేదు. అయినా ఆ అనుభవం మీకూ పనికొస్తుంది. డిజైన్‌ని అసలు సైజులో ప్రింటు తీసి, పోటీ పెట్టెల మధ్య నిలబెట్టి, రెండు మీటర్ల దూరం నుంచి చూడాలి. తెల్ల గోడ ముందు, నీడలు పడేలా కంప్యూటర్లో చేసిన అందమైన త్రీడీ బొమ్మ చూసి ఆమోదించకండి. ఆ బొమ్మలో ఏ డిజైనైనా బాగానే ఉంటుంది.

ఇప్పుడు మూడు సువాసనలే ఉన్నా రెండేళ్లలో పది అవుతాయా అని కూడా ఆలోచించండి. రకానికో రంగు అనుకుంటే ఆరో ఏడో వచ్చేసరికి తేడా తెలిసే రంగులు అయిపోతాయి. రంగుతో పాటు ఒక బొమ్మో, నమూనాయో, అక్షరాల స్థానమో తేడా చూపించేలా వ్యవస్థ కట్టాలి. ఏది ఎప్పటికీ కదలకూడదు, ఏది రకాన్ని బట్టి మారొచ్చు అని ఏజెన్సీ రాసి ఇవ్వాలి. మూడు పెట్టెలు చూపించినప్పుడు నాలుగోది, తొమ్మిదోది ఎలా ఉంటాయో కూడా చూపించమని అడగండి. అక్కడ తడబడితే వ్యవస్థ ఇంకా కుదరలేదన్నమాట.

వెనక ముఖం గురించి ఎవరికీ ఉత్సాహం ఉండదు. కానీ అచ్చయిన సరుకు పక్కన పడేయాల్సి వచ్చేది ఎక్కువగా ఈ ముఖం వల్లే. పదార్థాల జాబితా, బరువు, తయారీదారు చిరునామా, బ్యాచ్ నంబరు కొట్టే ఖాళీ చోటు, తెరిచాక ఎన్ని నెలలు వాడొచ్చో చెప్పే మూత తెరిచిన డబ్బా గుర్తు, ఇవన్నీ మీరు అమ్మే దేశపు నియమాల ప్రకారం ఉండాలి. అక్షరాల కనీస ఎత్తు కూడా చాలాచోట్ల నియమమే. సౌందర్య సాధనాల్లో పదార్థాలని బరువు ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువకి వరుసగా రాస్తారు. యూరప్‌లో, అమెరికాలో 1 శాతం లోపు ఉన్నవాటిని చివర్లో ఏ వరుసలోనైనా రాయనిస్తారు. ఈ మాటలన్నీ మీవైపు నుంచి రావాలి, డిజైన్ మొదలయ్యేలోపే రావాలి. "ఇప్పటికి నకిలీ అక్షరాలు నింపండి, అసలు మ్యాటర్ తర్వాత ఇస్తాం" అంటే ఆ అసలు మ్యాటర్ ఎప్పుడూ అనుకున్నదానికి రెట్టింపు ఉంటుంది.

బార్‌కోడ్ దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే చిన్న ప్యాకెట్ల మీద దీన్ని నలిపేయడం తరచూ చూస్తుంటాను. దుకాణాల్లో వాడే 13 అంకెల ఈఏఎన్ కోడ్ పూర్తి సైజు, పక్క ఖాళీలతో కలిపి 37.29 మిల్లీమీటర్ల వెడల్పు, 25.93 మిల్లీమీటర్ల ఎత్తు. దాన్ని 80 శాతం దాకా తగ్గించవచ్చు, అంటే వెడల్పు 30 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. అంతకంటే తగ్గించకూడదు. పూర్తి సైజులో ఎడమవైపు 3.63, కుడివైపు 2.31 మిల్లీమీటర్లు ఏ గీతా, ఏ బొమ్మా లేకుండా ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీ చూసే కోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్కానర్‌కి తెలుస్తుంది. దుకాణాల్లో చాలా స్కానర్లు ఎర్రటి వెలుగు వేసి చదువుతాయి కాబట్టి తెల్లటి నేల మీద ఎర్ర గీతలు మన కంటికి స్పష్టంగా ఉన్నా స్కానర్‌కి మాయమైపోతాయి. నారింజ, గోధుమ రంగులతో కూడా అదే ఇబ్బంది రావచ్చు. తెలుపు మీద నలుపే నమ్మకమైనది. సన్నటి షాంపూ సీసా మీద అయితే కోడ్‌ని పావు వంతు తిప్పి, సీసా నిలబడినప్పుడు గీతలు అడ్డంగా ఉండేలా వేయాలి. నిలువుగా వేస్తే చివరి గీతలు సీసా వంపులోకి వెళ్లిపోయి స్కానర్‌కి అందవు.

ఆమోదం అయ్యాక ఫైల్‌ని ప్రెస్‌కి సిద్ధం చేసే దశ ఉంటుంది, క్లయింటుకి ఇందులో చేసేది తక్కువ కాబట్టి త్వరగా చెప్పేస్తాను. కోత అటూ ఇటూ జరిగినా తెల్ల అంచు కనపడకుండా రంగుని అంచుకి 3 మిల్లీమీటర్లు బయటికి పెంచుతారు, ముఖ్యమైన అక్షరాలని అంచుకి లోపలికి జరుపుతారు. సన్న అక్షరాలని నల్ల ఇంకు ఒక్కదానితోనే వేస్తారు, నాలుగు ఇంకులతో వేస్తే వెంట్రుకవాసి జరిగినా మసకబారుతుంది. జిగురు పడే రెక్క మీద ఇంకూ వార్నిషూ లేకుండా వదిలేస్తారు, లేకపోతే పెట్టె అతుక్కోదు. రీఫిల్ పౌచ్ అయితే సీలు పడే చోట అక్షరాలు ఉండకూడదు. ఫిల్మ్ రోల్ మీద మెషీన్ సెన్సర్ చూసుకోడానికి అంచున ఐ మార్క్ అనే చిన్న దీర్ఘచతురస్రం ఉండాలి. కుంచించుకుని సీసాకి అతుక్కునే ష్రింక్ స్లీవ్ అయితే బొమ్మని ముందే లెక్కకట్టి సాగదీసి వేయాలి. ఏ పద్ధతిలో ముద్రిస్తారన్నది కూడా ఇక్కడ ముఖ్యం. మెత్తటి ప్లేట్లతో ముద్రించే ఫ్లెక్సోలో చుక్కలు ఒత్తిడికి వెడల్పై రంగులు ముదురుతాయి, చెక్కిన లోహపు సిలిండర్‌తో ముద్రించే గ్రావ్యూర్‌లో సిలిండర్ చెక్కాక ఒక్క అక్షరం మార్చాలన్నా ఆ సిలిండర్ మళ్లీ చేయించాలి.

మీ సరుకు తడిలో ఉండేది కాబట్టి పదార్థం గురించి ఒక మాట. షాంపూ సీసాకి మామూలు కాగితం లేబుల్ వేస్తే ఆవిరికి అంచులు లేచిపోతాయి, పాలీప్రొపిలీన్ ఫిల్మ్ లేబుల్ నిలబడుతుంది. నమూనా లేబుల్ అతికించిన సీసాని షవర్ కింద కొన్ని రోజులు వాడి, షాంపూ కారిన చేత్తో రుద్ది చూడండి. ముదురు రంగు నిండుగా వేసిన అట్ట మడత దగ్గర పగిలి లోపలి తెల్ల నార బయటపడుతుంది. లామినేషన్ చేస్తే పగలదు గానీ ఆ అట్ట రీసైక్లింగ్ కష్టమవుతుంది. అందుకని నేనైతే మడతల మీద ముదురు రంగు రాకుండా డిజైన్ చేయమంటాను. నల్ల సీసా ఖరీదైన వస్తువులా కనపడుతుంది, నిజమే. కానీ కార్బన్ బ్లాక్ కలిపిన ప్లాస్టిక్‌ని రీసైక్లింగ్ కేంద్రాల్లోని ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్లు గుర్తించలేవు, అది చెత్తలోకి పోతుంది. ప్రకృతికి మేలు చేసే సబ్బు అని పెట్టె మీద రాసుకునేవాళ్లు ఈ సీసా ఎంచుకుంటే నాకు బాధేస్తుంది.

ప్రూఫ్, అంటే ముద్రణకి ముందు సరిచూసుకోడానికి ఇచ్చే నమూనా మీద సంతకం పెట్టడం లాంఛనం అనుకోవద్దు. ఆ తర్వాత బయటపడే తప్పులు సాధారణంగా ఒప్పందం ప్రకారం మీ ఖాతాలోనే పడతాయి. ఆ మ్యాటర్ రాయని మనిషి చేత ఒక్కో అక్షరం పైకి చదివించండి, అంకెలు విడిగా సరిచూడండి, బార్‌కోడ్‌ని స్కాన్ చేసి అది ఆ రకానిదేనా అని చూడండి. మూడు సువాసనల ఫైళ్లు ఒకదాన్నుంచి ఒకటి కాపీ చేసి తయారవుతాయి కాబట్టి ఒకదాని కోడ్ ఇంకోదాని మీద ఉండిపోవడం మామూలుగా జరిగేదే. కుదిరితే మొదటి ముద్రణ రోజు ఏజెన్సీ మనిషిని ప్రెస్ దగ్గర ఉండమనండి. మెషీన్ నుంచి వచ్చిన షీటు ఆమోదించిన ప్రూఫ్ పక్కన పెట్టి అక్కడే ఇంకు సర్దించవచ్చు.

ఇప్పుడు మీ మూడు నెలలు లెక్క వేసుకోండి. బ్రీఫ్‌కి రెండు మూడు వారాలు, దారులు గీసి ఒకటి ఖాయం చేసి సానబట్టడానికి నాలుగు, ప్యాకేజీకి నాలుగు, ప్రెస్ ఫైళ్లు, ప్రూఫ్‌లకి రెండు. ఎక్కువేం అడగలేదు. తగ్గించాలంటే పరిధి తగ్గించండి, దశలు తీసేయకండి. మూడు సువాసనలకి బదులు ఒకదానితో మొదలుపెట్టండి. కొత్త ఆకారపు సీసా అచ్చు పోయించే బదులు మార్కెట్లో దొరికే సీసాకి లేబుల్ వేయండి. మొదటి విడత డిజిటల్ ప్రింటింగ్‌లో తక్కువ సంఖ్యలో తీయించండి, ఒక్కో పెట్టెకి ఖర్చు ఎక్కువ పడుతుంది గానీ ప్లేట్లు, సిలిండర్ల ఖర్చు ఉండదు, జనం స్పందన చూసి మార్చుకోవచ్చు. స్టేషనరీ, టీషర్టులు, ఆఫీసు గోడల డిజైన్లు తర్వాత చేయించుకోవచ్చు.

ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఎన్నిసార్లు సవరణలు కలిసి ఉన్నాయో, పని ముగిశాక మీ చేతికి ఏమేం వస్తాయో రాయించుకోండి. ఎంత పెద్దది చేసినా చెదరని లోగో వెక్టర్ ఫైళ్లు, వెబ్ కోసం ఎస్‌వీజీ, పీఎన్‌జీ, ప్రెస్‌కి వెళ్లిన పీడీఎఫ్‌తో పాటు సవరించగలిగే అసలు ఫైలు, రంగుల నంబర్లు, వాడే పద్ధతి చెప్పే గైడ్‌లైన్స్, అన్నీ పేరుపేరునా ఉండాలి. డిజైన్ మీద హక్కులు పూర్తి చెల్లింపు తర్వాత మీ కంపెనీకి బదిలీ అవుతాయని స్పష్టంగా ఉండాలి, డబ్బు కట్టినంత మాత్రాన హక్కు దానంతటదే వచ్చేస్తుందనుకోకండి. ఫాంట్ లైసెన్సు సాధారణంగా ఏజెన్సీ పేరు మీద ఉంటుంది, మీరు వెబ్‌సైట్లో వాడాలంటే మీ పేరు మీద విడిగా కొనాలి. ఫొటోలు, బొమ్మలు బయట కొన్నవైతే ప్యాకేజీ మీద, ఎన్ని ప్రతుల దాకా వాడొచ్చో ఆ లైసెన్సులో చూడండి.